మూడు పేర్ల ఫిక్రియె

బల్గేరియా కొండల్లోని మా కుట్టు షెడ్డులో ముప్పై నాలుగు మెషిన్లు ఉండేవి. అన్నీ ఒక్కసారిగా తిరగడం మొదలుపెడితే చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా మాట వినపడదు. అందుకని అక్కడ చేరిన ప్రతి ఆడమనిషీ నెల తిరిగేలోపు చేతులతో మాట్లాడటం నేర్చుకునేది. నేర్పింది ఫిక్రియె. దారం అయిపోతే ఒక సైగ, సూది విరిగితే ఒక సైగ, మేనేజర్ వస్తుంటే బొజ్జ చుట్టూ చెయ్యి గుండ్రంగా తిప్పడం. పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా అక్కడ అందరమూ చెవిటివాళ్లమే. తన భాష రాజ్యమేలే చోట కూర్చున్నట్టు ఆమె మాత్రం హాయిగా ఉండేది.

ఆమె పక్క మెషిన్ నాది. పదకొండేళ్లు అలా పక్కపక్కన కూర్చుని చొక్కాలకు కాలర్లు కుట్టాం. నాకన్నా పదేళ్లు పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. అంటే, చేత్తో అనేదాన్ని. నన్ను లైన్ సూపర్‌వైజర్‌ను చేశాక కూడా నేను కుట్టిన కాలర్ తిప్పి చూసి, వంకర ఉంటే మాట్లాడకుండా నా ఒళ్లోకి విసిరేసేది.

ఫిక్రియెకు నాలుగేళ్లప్పుడు మెదడు జ్వరం వచ్చి వినికిడి పోయింది. ఎనిమిదేళ్లకు నగరంలో ఉన్న బధిరుల బడికి పంపారు. అక్కడ మాట్లాడటం నేర్పుతామని పిల్లల గొంతు మీద చెయ్యి పెట్టి శబ్దాలు పలికించేవారట. చేతులు కదిపితే స్కేలుతో కొట్టేవారట. అయినా స్నానాల గదిలో, తోటలో, పంతులమ్మ వీపు తిప్పిన ప్రతిచోటా చేతులు కదులుతూనే ఉండేవి. బల్గేరియన్ పిల్లలు, టర్కీ పిల్లలు, రోమా జిప్సీ పిల్లలు, మా కొండల ముస్లిం పిల్లలు, అందరిదీ ఒకటే భాష. ఎవరి దేవుడెవరో తెలిసేది పండగలకు ఇళ్లనుంచి వచ్చిన డబ్బాలు తెరిచినప్పుడేనని చెప్పి నవ్వేది. ఈస్టర్‌కు ఎర్ర గుడ్లు, మా బైరాం పండగకు బక్లావా మిఠాయి, రెండూ అందరి నోట్లోకీ వెళ్లేవి.

ఆమెకు సైగ పేరు పెట్టిందీ ఆ పిల్లలే. చిన్నప్పుడు పొట్టేలు కుమ్మడం వల్ల ఎడమ కనుబొమను చీలుస్తూ ఒక మచ్చ ఉంది. ఆ కనుబొమ మీద రెండు వేళ్లు ఆనించి పక్కకు జారిస్తే అది ఆమె పేరు.

ఆమెకు పదేళ్లప్పుడు మా ఊళ్లవాళ్లందరి పేర్లూ ప్రభుత్వం మార్చింది. తాతలనాటి ముస్లిం పేర్లు తీసేసి బల్గేరియన్ పేర్లు ఇచ్చింది. పెద్దవాళ్లను చావడి దగ్గర వరుసలో నిలబెట్టి మార్చారు. ఫిక్రియెకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. సెలవుల తర్వాత బడికి వెళ్తే ఆమె మంచానికి "ఫిదాంక" అనే చీటీ అతికించి ఉంది. తన మంచం ఎవరో కొత్త పిల్లకు ఇచ్చేశారనుకుని మూట ఒళ్లో పెట్టుకుని, ఆ కొత్త పిల్ల కోసం ఎదురుచూస్తూ సాయంత్రం దాకా నేల మీదే కూర్చుంది.

తర్వాత ఆ ప్రభుత్వం పోయి కాలం మారింది. మా పేర్లు మేం వెనక్కి తెచ్చుకున్నాం. ఆమె కాగితాల జోలికి ఎవరూ వెళ్లలేదు. ఇంతలో తల్లి చనిపోయింది. తల్లి పోయిన తొమ్మిదో రోజున అన్న రుఫాత్ ఆమెను పట్నానికి తీసుకెళ్లాడు. వికలాంగుల పింఛను నిలబడాలంటే సంరక్షకుడు ఉండాలని ఎవరో ఆయన చెవిలో వేశారు. అక్కడ ఒక డాక్టరు గడ్డం నిండిన మూతితో ఏవేవో ప్రశ్నలు అడిగాడు. ఆ గడ్డంలో పెదవులు కనపడలేదు. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచి ఉన్నాయి. సైగల భాష తెలిసిన మనిషిని ఎవరూ పిలవలేదు. జవాబులు లేవు కాబట్టి తెలివి లేదని రాశారు. కోర్టు ముద్ర వేసింది. ఆ రోజునుంచి చట్టం లెక్కలో ఫిదాంక తన మంచిచెడ్డలు తాను చూసుకోలేని మనిషి. ఓటు లేదు, పెళ్లి చేసుకునే హక్కు లేదు, సంతకానికి విలువ లేదు. ఆమె బదులు రుఫాత్ సంతకం పెట్టాలి. ఆ కాగితం వచ్చిన వారంలోనే ఆ తెలివిలేని మనిషి ఆరు గొర్రెల ఉన్ని కత్తిరించి, పొగాకు కోసి, దండలు గుచ్చి ఎండబెట్టి, ముప్పై ఆరేళ్ల అన్నకు మూడు పూటలా వండిపెట్టింది.

ఇదంతా ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసినా అదేదో కాగితం గొడవ అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను. షెడ్డు పాత యజమాని మాలో సగం మందిని కాగితం లేకుండానే పనిలో పెట్టుకునేవాడు కాబట్టి ఆ తేడా మాకు పెద్దగా కనపడలేదు.

షెడ్డు చేతులు మారింది. కొత్త మేనేజర్ కొస్తోవ్ చెడ్డవాడు కాదు. అందరికీ ఒప్పంద పత్రం ఉండాల్సిందే అన్నాడు. మేం సంబరపడ్డాం. ఒక్కొక్కరం వెళ్లి సంతకాలు పెట్టాం. ఫిక్రియె కూడా నల్ల స్కర్టు, ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వెళ్లింది. పది నిమిషాల్లో తిరిగొచ్చి మెషిన్ మీది కత్తెర, కుర్చీలోని దిండు తీసి సంచిలో వేసుకోవడం మొదలుపెట్టింది.

నేను ఆఫీసు గదిలోకి పరుగెత్తాను.

"సెవ్దా, నన్ను చంపకు," అన్నాడు కొస్తోవ్ నేను నోరు తెరవకముందే. "ఆవిడ సంరక్షకత్వంలో ఉంది. ఆవిడ సంతకం చెల్లదు. చెల్లని సంతకంతో పనిలో పెట్టుకుంటే రేపు తనిఖీకి వచ్చినవాళ్లు నా మెడ పట్టుకుంటారు."

"సార్, ఈ షెడ్డులో ఆమె కన్నా బాగా కాలర్ కుట్టేవాళ్లు ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. నాకు తెలీదనుకున్నావా? ఆ కాగితం తీయించుకురా. ఆ రోజే కుర్చీలో కూర్చోబెడతాను. ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వను, సరేనా?"

బయటికొచ్చి ఆయన అన్నది చేతులతో చెప్పాను. ఆమె సంచి మూతి ముడి వేసింది.

"అంటే ఇన్నాళ్లూ నేను ఇక్కడ లేనన్నమాట," అంది.

ఆ శనివారం ఇద్దరం బస్సెక్కి పట్నంలోని బధిరుల సంఘానికి వెళ్లాం. రెండు గదులు, ఒక కాఫీ కెటిల్, చదరంగం బల్లలు. ఆమెతో బడిలో చదివిన ఒగ్న్యన్ అక్కడ కార్యదర్శి. అచ్చాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, వేళ్ల సందుల్లో సిరా మరక ఇంకా పోలేదు. ఆమె కథంతా చూసి బల్ల మీద అరచేత్తో కొట్టాడు. గదిలోని చదరంగం పావులన్నీ ఎగిరిపడ్డాయి. నేల అదిరితే తప్ప అక్కడ ఎవరూ తల తిప్పరు. అందరూ తిరిగి చూశారు.

"కనుబొమ సంతకం చెల్లదట! మీరే చెప్పండి, బడిలో మనందరి లెక్కలూ చేసిపెట్టింది ఎవరు?" అని ఆమె సైగ పేరుతోనే అడిగాడు.

సంఘం తరఫున కేసులు చూసే బిలియానా అనే కుర్ర వకీలును ఆయనే పిలిపించాడు. ఆమె కాగితాలు చూసి అసలు చిక్కేమిటో చెప్పింది. "సంరక్షకత్వం రద్దు చేయమని సంరక్షకుడే కేసు వేయడం అన్నిటికన్నా తేలిక. ముందు వాళ్లన్నను ఒప్పించండి. ఆయన ఒప్పుకోకపోతే వేరే దారి వెతుకుదాం, కానీ అది చాలా పొడుగు దారి."

రుఫాత్ ఒప్పుకోవడానికి ఒక శీతాకాలం పట్టింది.

మొదటిసారి మేం వెళ్లినప్పుడు ఆయన పొయ్యి దగ్గర కూర్చుని తేనె పెట్టెల చట్రాలకు మేకులు కొడుతున్నాడు. సంగతి విని సుత్తి పక్కన పెట్టాడు.

"ఇప్పుడీ వయసులో కోర్టులెందుకే సెవ్దా? దానికేం తక్కువ చేశాను? ఏ రోజైనా చెయ్యెత్తానా?"

"ఎత్తలేదన్నా. ఎవరూ అలా అనడం లేదు."

"అసలే వినపడని మనిషి. ఎవడో వచ్చి ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకుని మోసం చేస్తే? అప్పుడు ఊరంతా నా మొహాన ఉమ్మేస్తుంది."

ఫిక్రియె నా మోచెయ్యి గిల్లింది. ఏమన్నాడని కళ్లతోనే అడిగింది. చెప్పాను. ఆమె లేచి పక్కగదిలోకి వెళ్లి ఒక దుప్పటి తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పడేసింది. అది అయస్కాంతాల దుప్పటి. ఉచితంగా విహారయాత్రకు తీసుకెళ్లిన పెద్దమనిషి ఒకడు, నడుము నొప్పి పోగొడుతుందని చెప్పి, బస్సులోనే రుఫాత్‌లాంటి వాళ్లకు అంటగట్టాడు. మా కొండల్లో ఇంటింటా ఉన్ని దుప్పట్లు నేస్తారు.

"ఉన్ని ఊళ్లో పుట్టి దుప్పటి కొనుక్కొచ్చింది ఎవరని అడుగు," అంది ఫిక్రియె. "నీకు చెవులు రెండూ బాగానే పనిచేస్తున్నాయి కదా అని కూడా అడుగు."

నేను అడిగాను. రుఫాత్ మొహం ఎర్రబడింది. తర్వాత ఆపుకోలేక నవ్వాడు. కానీ ఒప్పుకోలేదు.

ఆయన భయం వేరే ఉంది. అది ఫిబ్రవరిలో బయటపడింది. మంచు పేరుకుని బస్సులు ఆగిపోయిన రోజుల్లో నేను రొట్టె ఇవ్వడానికి వెళ్తే ఫిక్రియె పాకలో ఉంది. ఆయన గొంతు తగ్గించి అడిగాడు. తగ్గించాల్సిన పనే లేదు, కానీ తగ్గించాడు.

"మరి నన్ను జైల్లో పెడతారా?"

"ఎందుకన్నా?"

"దానికి తెలివి లేదని అప్పట్లో సంతకం పెట్టింది నేనే కదా. అబద్ధమని నాకు తెలుసు. అమ్మ పోయింది, పింఛను ఆగిపోతే దాన్నెలా చూసుకోవాలో తెలీక పెట్టాను. ఇన్నేళ్లూ అది నా మొహం చూసినప్పుడల్లా, ఇది లోపల ఏమనుకుంటోందో అని..."

పొయ్యిలో కట్టె సర్దుతూ కూర్చున్నాడు. పెట్టరన్నా, వకీలును అడిగే వచ్చాను అని చెప్పాను. నిజానికి నేను అడగలేదు. మర్నాడు ఫోన్‌లో అడిగాను. పెట్టరనే అంది బిలియానా. దారులు తెరుచుకున్నాక మొదటి బస్సులోనే రుఫాత్ వెళ్లి కేసు వేశాడు.

ఈసారి కోర్టు ఇద్దరు డాక్టర్లను పంపింది. సైగల భాష దుబాసీ కూడా వచ్చింది. కానీ అక్కడ ఇంకో చిక్కు. ఫిక్రియె చేతులు ముప్పై ఏళ్లకు పైగా కొండల్లోనే ఉండిపోయాయి. బడిలో నేర్చిన సైగల్లో సగం మారిపోయాయి, మిగతా సగం అమ్మతోనూ మాతోనూ కల్పించుకున్నవి. దుబాసీ అమ్మాయి మూడు వాక్యాల తర్వాత ఆగిపోయి, "ఈవిడ చెప్పేది నాకు పూర్తిగా అర్థం కావడం లేదు. తప్పు చెప్పేకన్నా ఆగడం మేలు," అంది. గడ్డం డాక్టరు కథ మళ్లీ మొదలవుతుందేమోనని నాకు భయమేసింది. బిలియానా మాత్రం ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పింది. మధ్యలో ఒక బధిర దుబాసీ కావాలని అర్జీ పెట్టింది. ఆమె సైగలు తెలిసిన బధిరుడు వాటిని నగరం సైగల్లోకి మార్చాలి, ఆ అమ్మాయి వాటిని నోటిమాటలోకి మార్చాలి. కోర్టు ఒప్పుకుంది. ఆ మనిషి ఒగ్న్యన్.

విచారణ మే నెలలో. రుఫాత్ పండగ కోటు వేసుకున్నాడు, అది పొట్ట దగ్గర కలవలేదు. జడ్జి యాభై దాటిన ఆడమనిషి. మా వైపు చూసి మొదటి ప్రశ్న అడిగింది.

"మీ పేరేమిటి?"

ప్రశ్న దుబాసీ చేతుల్లోకి, ఒగ్న్యన్ చేతుల్లోకి, అక్కడినుంచి ఫిక్రియె కళ్లలోకి వెళ్లింది. జవాబు అదే దారిలో వెనక్కి వచ్చింది.

"ఏ పేరు కావాలండీ? కాగితాల్లో ఫిదాంక, అది నేను పెట్టుకున్నది కాదు. మా అమ్మ పెట్టింది ఫిక్రియె. నా భాషలో నా పేరు ఇది." రెండు వేళ్లు కనుబొమ మీద ఆనించి పక్కకు జార్చింది.

టైపు చేస్తున్న గుమస్తా చేతులు గాల్లో ఆగిపోయాయి. "ఇది ఎలా రాయమంటారు?" అన్నాడు.

జడ్జి గుమస్తా వైపు తిరిగింది. "మూడో పేరు చూపించింది అని రాయండి," అంది.

తర్వాత చాలా ప్రశ్నలు. రొట్టె ఎక్కడ కొంటారు, జబ్బు చేస్తే ఏం చేస్తారు, ఇప్పుడు ఏ నెల. ఫిక్రియె ఓపికగా జవాబు చెప్పింది. ఏ నెల అన్నప్పుడు మాత్రం కిటికీ చూపించి, "బంగాళాదుంపలు నాటే నెల, నన్ను ఇక్కడ కూర్చోబెట్టారు," అంది. దుబాసీ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ అదే చెప్పింది.

"మీకు అర్థం కాని కాగితం ఎవరైనా సంతకం పెట్టమంటే?"

"పెట్టను. ఇంటికి తీసుకెళ్లి సెవ్దాకు చూపిస్తాను. ఆమెకూ అర్థం కాకపోతే వకీలుకు చూపిస్తాను. మీరు అలా చెయ్యరా?"

జడ్జి తల వంచి ఏదో రాసుకుంది. "చేస్తాను," అంది తర్వాత.

రుఫాత్ వంతు వచ్చింది. లేచి నిలబడ్డాడు. టోపీ చేతుల్లో నలిగిపోతోంది.

"మీ చెల్లెలు తన పనులు తాను చూసుకోగలరా?"

"అమ్మా, అది తన పనులు చూసుకుంటుంది, నా పనులూ చూసుకుంటుంది," అన్నాడు. "నా మేజోళ్లు ఎక్కడుంటాయో నాకు తెలీదు. నా బీపీ మాత్ర ఏదో నాకు తెలీదు. ఇరవయ్యేళ్లుగా నేను దానికి సంరక్షకుణ్ణని మీ కాగితంలో ఉంది. ఆ కాగితం తలకిందులుగా రాశారు." ఫిక్రియె వైపు తిరిగాడు. "రాయించింది నేనే. తప్పు నాదే."

నా చేతులు వాటంతట అవే కదిలాయి. ఆయన మాటలు అధికారిక దారిలో తిరిగొచ్చేలోపే నేను ఆమెకు చెప్పేశాను. అలా చేయకూడదట, దుబాసీ నావైపు కోపంగా చూసింది. ఫిక్రియె మాత్రం అన్నవైపు చూస్తోంది. ఆయన వచ్చి బల్ల మీద కూర్చున్నాక టోపీ లాక్కుని, నలిగిన అంచు సరిచేసి మళ్లీ ఆయన ఒళ్లో పెట్టింది.

తీర్పు తర్వాత పంపుతామన్నారు. నెల గడిచింది. మాకు తోచినన్ని పీడకలలు కన్నాం. రుఫాత్ రోజూ తేనె పెట్టెలు వదిలేసి గేటు దగ్గర నిలబడేవాడు. పోస్టమ్మ రిజిస్టరు కవరు తెచ్చిన రోజున, కాగితాల ప్రకారం ఇంకా సంరక్షకుడు తానే కాబట్టి, దాన్ని అందుకున్నట్టు ఆయనే సంతకం పెట్టాల్సి వచ్చింది. చెల్లెలి బదులు ఆయన పెట్టిన ఆఖరి సంతకం అది. పెట్టాక కవరు చించకుండా ఊరి మధ్యనుంచి నడుచుకుంటూ మా ఇంటికి వచ్చారు ఇద్దరూ.

"నాకు కళ్లజోడు లేదు. నువ్వు చదవవే," అన్నాడు. కళ్లజోడు ఆయన జేబులోనే కనపడుతోంది.

నేను ఆఖరి పేజీ తీశాను. సంరక్షకత్వం పూర్తిగా రద్దు. రెండుసార్లు చదివి, నోటితో ఆయనకూ చేతులతో ఆమెకూ ఒకేసారి చెప్పడానికి ప్రయత్నిస్తే ఏదీ సరిగ్గా రాలేదు. రుఫాత్ మెట్ల మీద కూలబడ్డాడు. ఇరవయ్యేళ్ల మూట దించినవాడిలా పెద్దగా ఊపిరి వదిలాడు. ఫిక్రియె కాగితం నా చేతిలోంచి తీసుకుని, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం మీదుగా తనే చదువుకుంది. ఆమెకు చదవడం వచ్చు. ఎవరూ అడగలేదంతే. చివరిదాకా వచ్చాక తలెత్తింది.

"ఆకలేస్తోంది," అంది. "మీ ఇంట్లో ఏముంది?"

మా ఇంట్లో బంగాళాదుంపల పటాట్నిక్ అట్టు, పెరుగు ఉన్నాయి. ముగ్గురం పెనం ఖాళీ చేశాం. ఇన్ని నెలల తర్వాత ఆ రోజే రుఫాత్ కడుపునిండా తిన్నాడని తర్వాత ఆమె చెప్పింది.

కొస్తోవ్ మాట నిలబెట్టుకున్నాడు. ఒప్పంద పత్రం మీద ఆమె చేసిన సంతకం అంగుళం ఎత్తుంది, గీతలోంచి బయటికొచ్చి కింది గడిలోకి దిగింది. ఎవరూ సరిచేయమనలేదు. శరదృతువులో పేరు కోసం కూడా అర్జీ పెట్టి గెలిచింది. ఇప్పుడు కాగితాల్లోనూ ఫిక్రియే. ఇల్లు మాత్రం మారలేదు. విడిగా గది తీసుకోవచ్చు కదక్కా అంటే, "తీసుకోవచ్చు. తీసుకోవాలనిపిస్తే తీసుకుంటా," అంది. అన్న చేత వంట చేయించడం మొదలుపెట్టింది. ఆయన చేసిన చిక్కుడు పులుసు ఒకసారి నేనూ తిన్నాను, ఇంకోసారి తినను.

పోయిన జూన్‌లో పెద్ద ఆర్డరు తొందరలో ఉండగా ఒక కాగితం తెచ్చి నా మెషిన్ మీద పెట్టింది. వారం సెలవు కావాలి. బధిరుల సంఘం వాళ్లంతా కలిసి సముద్రానికి వెళ్తున్నారు. ఆమె ఎన్నడూ సముద్రం చూడలేదు.

"అక్కా, ఈ వారం కుదరదు," అన్నాను. "రెండువేల చొక్కాలు పోవాలి. వచ్చే నెల వెళ్లు."

"సముద్రం వచ్చే నెలా ఉంటుంది. మావాళ్లు వెళ్లేది ఈ నెల."

"నేను కుదరదంటే?"

ఆమె తెల్లకాగితం ఒకటి తీసి ముందు పెట్టుకుంది. పెన్ను అడిగింది. ఎందుకన్నాను.

"రాజీనామా రాస్తాను. ఇప్పుడు నా సంతకం చెల్లుతుంది కదా."

మొహంలో నవ్వు లేదు. నిజంగానే రాసేలా ఉంది. నాకు కోపం రావాలి. రాలేదు. మనసులో ఏదో తేలికపడినట్టయింది. సెలవు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేశాను.

ఆ వారమంతా ఆమె మెషిన్ మీద గుడ్డ కప్పి ఉంది. కాలర్లు నేనూ ఇంకో ఇద్దరూ కుట్టాం, వంకరగానే కుట్టాం. గురువారం నా ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. మోకాళ్లదాకా నీళ్లలో నిలబడి, స్కర్టు ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో ఏదో చెబుతోంది. ఒంటి చేత్తో చెప్పడం వల్ల సగమే అర్థమైంది. చల్లగా ఉంది, ఉప్పగా ఉంది, ఆదివారం దాకా నన్ను పిలవకండి. షెడ్డులో ముప్పై మూడు మెషిన్లు ఆపి అందరం చూశాం.